వంటింట్లో విచారణ

మా ఆయన వెర్న్ ఉద్యోగం జింకల వేట మొదలయ్యే ముందురోజు పోయింది. మా విస్కాన్సిన్‌లో ఆ శుక్రవారం ఏ ఫ్యాక్టరీలోనూ మగవాళ్ళకి పనిమీద ధ్యాస ఉండదు. తెల్లారితే తుపాకులు పట్టుకుని అడవిలోకి పోవడమే, దాని గురించే మాటలు. నేను చీజ్ దిమ్మల్ని అట్టపెట్టెల్లో సర్దే లైనులో ఉన్నాను. వెర్న్ నాకు ముప్పై అడుగుల దూరంలో, కోత మెషిన్ దగ్గర ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుగా అతనిది అదే మెషిన్.

ఆ మెషిన్‌కి ఒక మూత ఉంటుంది. మూత తెరిస్తే లోపల కోసే తీగలు వాటంతటవే ఆగిపోవాలి. ఆగాయంటే మళ్ళీ మొదలవడానికి నాలుగు నిమిషాలు. తీగలకి చీజ్ అంటుకుని గంటకి రెండు మూడుసార్లు ఇరుక్కుంటుంది. అన్నిసార్లూ ఆపుకుంటూ కూర్చుంటే పైవాళ్ళు చెప్పిన లెక్క ఏనాటికీ అందదు. అందుకని మూత అంచున ఒక అయస్కాంతం ముక్క పెట్టేవాళ్ళు. అది ఉంటే మూత తెరిచినా మూసే ఉందనుకుంటుంది మెషిన్. ఆ ముక్కని సెప్టెంబరులో వెర్న్ చేతిలో పెట్టింది మా సూపర్‌వైజర్ డెనిస్ వోల్కర్. నా కళ్ళతో చూశాను.

"ఇదుగో, పాతది ఎవడో పారేశాడు. దీన్ని నీ పెళ్ళాంకంటే భద్రంగా చూసుకో" అని నావైపు చూసి కన్ను గీటాడు. నేను నవ్వాను కూడా.

ఆ శుక్రవారం పెద్దాఫీసు నుంచి తనిఖీకి ఒకావిడ చెప్పాపెట్టకుండా దిగింది. ఆవిడ వచ్చేసరికి వెర్న్ మోచేతి దాకా చెయ్యి మెషిన్‌లో పెట్టి గీకుతున్నాడు. తీగలు కదులుతూనే ఉన్నాయి. ఆవిడ కెవ్వుమంది. నేను ఆవిడని చూడలేదు, పక్కనున్న డెనిస్‌ని చూశాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు క్షణాలు అలాగే ఉండి, ఆ తర్వాత అతను కూడా ఆవిడలాగే ఆశ్చర్యపోవడం మొదలుపెట్టాడు.

"ఏంటిది వెర్న్? ఈ ముక్క ఎక్కడిది?"

వెర్న్ అతని కళ్ళలోకి చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. చెయ్యి మెల్లగా బయటికి తీసి, వేళ్ళకి అంటుకున్న చీజ్‌ని ఆప్రన్‌కి తుడుచుకున్నాడు. అంతే.

అరగంటలో అతన్ని గేటుదాకా సాగనంపారు. నేను షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లో కూర్చుని తుపాకీ తుడుచుకుంటున్నాడు. ఫ్యాక్టరీ బూట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో తలుపు పక్కన ఉన్నాయి.

"ఇన్నేళ్ళలో వేటకి ముందురోజు వాళ్ళు నాకు సగంపూట సెలవివ్వడం ఇదే మొదటిసారి" అన్నాడు.

"డెనిస్ ఇచ్చాడని చెప్పలేకపోయావా?"

"అక్కడ చెబితే డెనిసూ నేనూ ఇద్దరం పోయేవాళ్ళం. లోపల గదిలో చెప్పాను. రాసుకున్నారు."

"ఏమని రాసుకున్నారు?"

"ఏమో. కాగితం వాళ్ళవైపు ఉంది."

మర్నాడు అడవికి వెళ్ళాడు. ఎప్పటిలాగే ఒక మగ జింకని కొట్టి తెచ్చాడు. ఆ మాంసం ఫ్రీజర్ నిండా సర్దాం. ఆ చలికాలమంతా మాకు అదే తిండి.

ఉద్యోగం పోయినవాళ్ళకి రాష్ట్రం వారం వారం ఇచ్చే భృతికి వెర్న్ దరఖాస్తు పెట్టాడు. దానికే అతన్ని వారం రోజులు బతిమాలాల్సొచ్చింది. ముష్టి ఎత్తుకున్నట్టుంటుందని అతని బాధ. "ముష్టేంటి, ఇరవై రెండేళ్ళు నీ పేరున కట్టిందేగా" అని నేనే దగ్గర కూర్చుని నింపించాను. మూడో వారంనుంచి రావడం మొదలైంది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఇల్లు వెచ్చగా ఉండేది. మా టెస్సాకి బడి బస్సు తప్పిపోతే కారులో దింపడానికి పెట్రోలు ఉండేది.

టెస్సా మా ఒక్కగానొక్క కూతురు. అప్పుడు పద్నాలుగేళ్ళు. ఆరో ఏటనుంచి దానికి చక్కెర జబ్బు. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ లేకపోతే పిల్ల మాకు దక్కదు. ఆ మందులు అదివరకు వెర్న్ ఇన్సూరెన్స్ మీద వచ్చేవి. ఇప్పుడు నా ఇన్సూరెన్స్ మీదకి మార్చుకున్నాం. అంటే అదే ఫ్యాక్టరీ, అదే డెనిస్ కింద ఉద్యోగం.

క్రిస్మస్‌కి వారం ముందు రాష్ట్రం నుంచి కవరొచ్చింది. భృతి ఇవ్వడాన్ని కంపెనీ ఒప్పుకోలేదట. తెలిసి తెలిసీ నియమం తప్పినవాడికి భృతి చెల్లదని వాళ్ళ వాదన. జనవరి పద్నాలుగున పదింటికి ఫోన్లో విచారణ. సాక్షులు ఉంటే వాళ్ళ పేర్లు, నంబర్లు రాసి పంపమన్నారు.

ఆ సాయంత్రం గస్ పెడర్సన్ వచ్చాడు. గస్ వెర్న్‌కి ప్రాణస్నేహితుడు, ఫ్యాక్టరీలో పక్క మెషిన్ మనిషి. చెరువు గడ్డకట్టాక దానిమీద చిన్న గుడిసె వేసుకుని చేపలు పట్టేది ఇద్దరూ కలిసే. బీరు తాగుతూ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"దీంట్లో ఏముంది, నేను చెప్తాను. నాకూ ఒక ముక్క ఇచ్చాడుగా డెనిస్. నా పేరు రాయి" అన్నాడు.

వెర్న్ రాశాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి, "నా పేరు కూడా రాయి. ఇవ్వడం చూసింది నేను" అన్నాను.

వెర్న్ కలం కిందపెట్టాడు. "నువ్వొద్దు."

"ఎందుకొద్దు?"

"ఎందుకో నీకు తెలుసు." టెస్సా గదివైపు తల తిప్పి చూపించాడు. "గస్ చెప్తే చాలు."

నేను మరి వాదించలేదు. నిజం చెప్పాలంటే, అతను వద్దన్నందుకు నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అది అప్పుడే నాకు తెలుసు.

కొత్త సంవత్సరం వెళ్ళిన రెండో రోజో మూడో రోజో, షిఫ్టయ్యాక గేటు దగ్గర హాజరు కార్డు గీకుతుంటే డెనిస్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. అతనూ మేమూ ఒకే చర్చికి వెళ్తాం. ఆదివారాలు బైబిలు చదివేది అతనే.

"టెస్సా ఎలా ఉంది ఆర్లిస్?"

"బాగానే ఉంది."

"ఆ మందులు మండిపోయే ఖరీదంట కదా. మన ఇన్సూరెన్స్ మంచిది, దేవుడి దయవల్ల." కాసేపు తన చేతిలో కార్డుని అటూ ఇటూ తిప్పాడు. "వెర్న్ మీద నాకేం కోపం లేదు. నువ్వు నమ్మవు గానీ, ఆ రోజు తర్వాత నాకు సరిగ్గా నిద్ర లేదు. నాకూ ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు."

అంతే అన్నాడు. బెదిరించాడని నేనెవరికైనా చెబితే, ఏమన్నాడమ్మా అని అడిగితే, చెప్పడానికి నాదగ్గర ఏమీ లేదు. పిల్ల ఎలా ఉందని అడిగాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఇంటికొచ్చాను. వెర్న్‌కి చెప్పలేదు.

విచారణ రోజున టెస్సాని డాక్టరుకి చూపించాలని అబద్ధం చెప్పి సెలవు పెట్టాను. పిల్ల మామూలుగానే బడికి వెళ్ళింది. బయట సున్నాకి ఎంతో కింద చలి. కిటికీ అద్దాలకి లోపలివైపు కూడా మంచు పేరుకుంది. వెర్న్ చర్చికి తొడుక్కునే చొక్కా వేసుకున్నాడు. "ఫోన్లో చొక్కా కనిపిస్తుందా?" అన్నాను. "నాకు కనిపిస్తుంది కదా" అన్నాడు. ఫోన్ బల్ల మధ్యలో పెట్టి, మాటలు పైకి వినిపించే బొత్తాం నొక్కి, ఎదురెదురుగా కూర్చున్నాం.

విచారణ చేసేది ఒకావిడ. జలుబు చేసినట్టుంది, మధ్యమధ్యలో ముక్కు చీదుకుంటోంది. కఠినురాలేమీ కాదు. ప్రమాణం చేయించింది. కంపెనీ తరఫున ఉద్యోగుల వ్యవహారాలు చూసే అమ్మాయి, డెనిస్ ఫోన్లోకి వచ్చారు.

"మెషిన్ నడుస్తుండగా మూత తెరవకూడదన్న నియమం మీకు తెలుసా?" అని వెర్న్‌ని అడిగిందావిడ.

"తెలుసు మేడమ్."

"ఏటా దాని మీద సంతకం పెట్టారా?"

"పెట్టాను."

"తెలిసే చేశారా?"

"అక్కడ అందరూ చేస్తారు మేడమ్."

"నేను మీ గురించి అడుగుతున్నాను."

వెర్న్ గొంతు సవరించుకున్నాడు. "తెలిసే చేశాను. లెక్క అందాలంటే అలా చెయ్యాలి. ఆ ముక్క నాకిచ్చింది డెనిస్."

"వోల్కర్ గారూ, అది మీరిచ్చారా?"

డెనిస్ గొంతు వచ్చింది, ఆదివారాలు వాక్యం చదివే గొంతే, ఎక్కడా తొణక్కుండా. "లేదు మేడమ్. అలాంటిది అక్కడుందని నాకు తెలిసింది ఆ రోజే."

వెర్న్ నావైపు చూడలేదు. బల్ల మీద ఎండిపోయిన ఒక కాఫీ మరకని గోటితో గీకుతున్నాడు.

"మీరు ఒక సాక్షి పేరు ఇచ్చారు. ఆయనకి ఫోన్ చేస్తాను, లైన్లోనే ఉండండి" అందావిడ.

గస్ ఫోన్ మోగింది. మోగీ మోగీ చివరికి అతను రికార్డు చేసిపెట్టుకున్న మాటలొచ్చాయి: "గస్‌ని మాట్లాడుతున్నా. ఫోనెత్తలేదంటే చేపలు పడుతున్నాయని అర్థం." ఆవిడ మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. ఐదు నిమిషాలు చూద్దామంది. చూశాం. మూడోసారి కూడా చేపలే పడుతున్నాయి. నవ్వు రావలసిన మాటే. మా ఇంట్లో ఎన్నోసార్లు నవ్వుకున్న మాటే అది.

"సాక్షి అందుబాటులో లేరు" అని ఆవిడ పైకే అని రాసుకుంది. "మీ తరఫున ఇంకెవరైనా ఉన్నారా?"

నా చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డ ఉంది. అది నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు.

"ఎవరూ లేరు మేడమ్" అన్నాడు వెర్న్.

ఆవిడ టైపు చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఫ్రిజ్ గుర్రుమని మొదలై ఆగింది. వెర్న్ ఇంకేదో చెప్పబోతున్నట్టు ఫోన్ మీదకి కాస్త వంగాడు. చెప్పలేదు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. "సరే, అయితే ముగిద్దాం" అందావిడ. అందరికీ థాంక్స్ చెప్పి పెట్టేసింది.

వెర్న్ లేచి చొక్కా మార్చుకుని, పార పట్టుకుని వాకిట్లో మంచు తియ్యడానికి వెళ్ళాడు. ఆ పొద్దున్నే ఒకసారి తీశాడు, తియ్యడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా చాలాసేపు పార చప్పుడు వినిపించింది.

పదిరోజుల్లో తీర్పు వచ్చింది. వెర్న్ బయటికెళ్ళాడు. బడినుంచి వస్తూ పోస్టు డబ్బాలోంచి తెచ్చిన టెస్సాయే కవరు చించింది. అతను వచ్చేసరికి ఆ కాగితం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"నాన్నా, ఇందులో దుష్ప్రవర్తన అని రాశారు. ఆరుసార్లుంది ఆ మాట. నేను లెక్కపెట్టాను."

వెర్న్ కాగితం అందుకుని టోపీ కూడా తియ్యకుండా చదివాడు. భృతి ఆపేశారు. అప్పటిదాకా ఇచ్చింది కూడా తిరిగి కట్టమన్నారు.

"అసలు నువ్వేం చేశావు?" అని అడిగింది టెస్సా.

"మెషిన్‌లో చెయ్యి పెట్టాను."

"అంతేనా?"

"అంతే తల్లీ."

"మరి ఇది చదివితే నువ్వేదో దొంగతనం చేసినట్టుంది." దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, నువ్వూ అక్కడే పనిచేస్తావు కదా. నాన్న అలాంటివాడు కాదని వాళ్ళకి చెప్పలేదా?"

వెర్న్ అందుకున్నాడు. "మీ అమ్మని ఎవరూ అడగలేదు" అన్నాడు.

పిల్ల గదిలోకి పోయాక ఆ కాగితం నేను మళ్ళీ చదివాను. పై అధికారులకి ఇరవై ఒక్క రోజుల్లో రాసుకోవచ్చని కిందెక్కడో చిన్న అక్షరాల్లో ఉంది.

"రాద్దాం వెర్న్. ఈసారి నేను చెప్తాను. ఏమైతే అదవుతుంది."

"కింద వరస కూడా చదువు."

చదివాను. కొత్త సాక్షులని వినరట. ఆ రోజు ఫోన్లో చెప్పినవే మళ్ళీ చూస్తారట. నేను చెప్పదలుచుకున్నదానికి ఉన్నది ఆ ఒక్క పొద్దుటిపూటే.

ఆ తర్వాత వెర్న్ చర్చికి రావడం మానేశాడు. పని కోసం తిరగని చోటు లేదు. ఊళ్ళో కాగితం మిల్లు అంతకుముందు ఏడాదే మూతపడింది, ఉన్న నాలుగు ఉద్యోగాలకీ నలభైమంది. ఎక్కడికెళ్ళినా దరఖాస్తులో ముందు ఉద్యోగం ఎందుకు పోయిందని ఒక గడి ఉంటుంది. అబద్ధం రాయడం అతనికి చేతకాదు. ఎవరి వాకిట్లోనో మంచు తీసి పెట్టేవాడు, ఎవరిదో పైకప్పు బాగుచేసేవాడు. మిగతా పొద్దంతా గరాజులో స్టూలు మీద కూర్చునేవాడు. నేను ఫిబ్రవరిలో డెనిస్ మొహం చూడలేక మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టుకి మారిపోయాను.

ఈస్టరుకి ముందు మాంసం మానేసే లెంట్ రోజుల్లో ఒక శుక్రవారం, చర్చిలో చేపల విందు. నా వంతు వడ్డించడం, ఆ పూట షిఫ్టుకి సెలవు పెట్టాను. చెత్త పారెయ్యడానికి వెనక వాకిట్లోకి వెళ్తే అక్కడ గస్ సిగరెట్ తాగుతున్నాడు. విచారణయ్యాక అతను మా గడప తొక్కలేదు. కడుపులో దాచుకున్నదంతా పైకి తన్నుకొచ్చింది.

"ఫోన్ ఎందుకెత్తలేదు గస్?"

సిగరెట్ పారేశాడు. "ఎత్తుదామనే కూర్చున్నాను. ఒట్టు. ఫోన్ చేతిలోనే ఉంది. మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను."

"మూడుసార్లు."

"మూడుసార్లూ."

"ఇరవై ఏళ్ళ స్నేహం. వెర్న్ నీ కోసం ఎన్నిసార్లు ఓవర్‌టైం చేశాడు! నీ పెళ్ళాం ఆసుపత్రిలో ఉన్నప్పుడు నీ ఇంటి పైకప్పు వేసింది ఎవరు? నువ్వేం మనిషివి?"

అన్నీ పడ్డాడు. నా ఆయాసం తగ్గేదాకా ఆగి, మెల్లగా అన్నాడు: "ఆ వంటింట్లో నువ్వూ ఉన్నావు కదా ఆర్లిస్."

ఎత్తిపొడిచినట్టు అన్నా బాగుండేది, చెంప పగలగొట్టేదాన్ని. అలా అనలేదు. తన పక్కన కూర్చోవడానికి నాకు చోటిస్తున్నట్టు అన్నాడు. చెత్త బుట్ట పట్టుకుని లోపలికి వచ్చేశాను. ఆ సాయంత్రం అందరికీ చేపలు వడ్డించాను, డెనిస్‌కి కూడా. "థాంక్స్ ఆర్లిస్" అన్నాడు. "పర్లేదు" అన్నాను.

ఏప్రిల్లో చెరువు మీద గడ్డ నల్లబడి పగిలింది. వెర్న్ పిన్ని కొడుకు ఒకడు నార్త్ డకోటాలో చమురు బావుల దగ్గర పనిచేస్తున్నాడు. అక్కడ మనుషులు చాలక గొడవగా ఉందనీ, ఏ గడీ నింపక్కర్లేదనీ, చేతులుంటే చాలనీ ఫోన్ చేశాడు. వెర్న్ రెండురోజులు ఆలోచించి వెళ్తానన్నాడు. మూడు నెలలు చూసి వచ్చేస్తానన్నాడు.

వెళ్ళే రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనమయ్యాక టెస్సాని దగ్గరికి తీసుకుని, సూదులు ఎక్కడ పెట్టావు, చక్కెర పడిపోతే తినడానికి బడి సంచిలో మిఠాయి పెట్టుకున్నావా అని వంద జాగ్రత్తలు చెప్పాడు. పిల్ల ఏడుస్తూ లోపలికి పోయింది. వాకిట్లో ట్రక్కు వెనక సామాను మీద పట్టా కప్పుతుంటే నేను రెండో కొస పట్టుకున్నాను.

"వెర్న్, ఆ రోజు నేను మాట్లాడి ఉంటే?"

"నీ ఉద్యోగం పోయేది. దాని మందులు ఆగేవి. అవన్నీ మనం ముందే అనుకున్నాం కదా."

"అనుకున్నాం."

తాడు లాగి ముడివేశాడు. విప్పి మళ్ళీ వేశాడు.

"నువ్వు మాట్లాడకపోవడమే మంచిదైంది. అది నాకు తెలుసు" అన్నాడు. "ఎవరూ లేరని చెప్పింది కూడా నేనే. నీమీద నాకు కోపం లేదు ఆర్లిస్." ముడివైపే చూస్తున్నాడు. "కానీ అలా చెప్పాక, నేను కాసేపు ఆగాను. నీకు తెలిసిందా?"

"తెలిసింది" అన్నాను.

తలూపాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని నా నుదుటి మీద ముద్దుపెట్టి ట్రక్కెక్కాడు. మా వీధి చివర ఆగాల్సిన చోట ఆగి, ఎడమవైపు తిరిగాడు.

మూడు నెలలన్నవాడు ఆ ఏడంతా అక్కడే ఉన్నాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు, తర్వాత పండగలకి. డబ్బు మాత్రం ఒక్క వారం కూడా తప్పకుండా పంపేవాడు. రాష్ట్రానికి కట్టాల్సింది కూడా అతనే కట్టేశాడు. రెండేళ్ళయ్యాక అక్కడే ఒక ఇల్లు చూసుకున్నానని ఫోన్ చేసి చెప్పాడు. నేను సరేనన్నాను. మా మధ్య ఒక్క పెద్ద మాట కూడా రాలేదు. ఎందుకు విడిపోయారని ఎవరైనా అడిగితే పని దూరమైందని చెబుతాను, అది అబద్ధమూ కాదు.

టెస్సా మందులు ఒక్క పూట కూడా ఆగలేదు.